చీర రంగు ఎవరినడిగి వేశారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకూ, టీవీ కార్యక్రమాలకూ కంప్యూటర్‌తో రంగులు వేస్తే అవి ఇంకా బాగుంటాయనీ, ఈ కాలం పిల్లలు కూడా కూర్చుని చూస్తారనీ మీ పత్రికలో ఈమధ్య ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఏఐ వచ్చాక ఖర్చు కూడా తగ్గింది కాబట్టి చానళ్లు ఇకనుంచి పాతవాటినన్నిటినీ రంగుల్లోనే వేయాలని కోరారు. ఆయన మంచి మనసుతోనే రాశారని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట ఒప్పుకోలేక ఇది రాస్తున్నాను. బ్లాక్ అండ్ వైట్ బొమ్మకు రంగు వేయడం నాకు తెలిసిన పని. చాలా ఏళ్లు నేను చేసింది అదే.

కావలిలో ట్రంకురోడ్డు పక్క సందులో మా మామగారు పెట్టిన ఫోటో స్టూడియో ఉండేది. ఫోటో తీయడం, కడగడం మామగారూ మా ఆయనా చూసుకునేవారు. ఫినిషింగ్ నాది. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలు, మచ్చలు కనబడకుండా చేయడం, ప్రింటు మీద పడ్డ తెల్లచుక్కలు పూడ్చడం, ఎవరైనా కలర్ కావాలంటే నీళ్లలో కరిగే ఫోటో కలర్లతో రంగు వేయడం. కలర్ ఫిల్ము చౌకై మా ఊరిదాకా వచ్చేవరకూ పెళ్లిళ్ల సీజన్‌లో నాకు తీరిక ఉండేది కాదు. పెళ్లి ఫోటోల్లో ఒకటి పెద్దది చేయించుకుని, రంగు వేయించి, ఫ్రేము కట్టించి ముందు వసారాలో తగిలించుకోవడం అందరికీ ముచ్చట. మెరిసే పేపరు మీద రంగు సరిగా పట్టదు, అందుకని మ్యాట్ పేపరు మీదే ప్రింటు వేసేవాళ్లం. ముందు తడి దూదితో పేపరు తడపాలి. పలచగా ఒక పూత వేసి, ఆరాక ఇంకో పూత వేయాలి. చీరకూ బుగ్గలకూ దూది, నగలకు సన్న కుంచె. బొట్టు అన్నిటికన్నా ఆఖరున.

పని మొదలుపెట్టే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. చీర రంగేంటమ్మా? వాళ్లు చెప్పింది కవరు మీద రాసుకునేదాన్ని. మామిడిపండు రంగు, మెరూన్ అంచు. నెమలికంఠం, జరీ బుటా. వంగపండు రంగు, పసుపు రవిక. అడక్కుండా ఆ రంగు కనిపెట్టడం నావల్లే కాదు, ఎవరివల్లా కాదు. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌కు రంగు తెలియదు. ఏది ఎంత ముదురు, ఏది ఎంత లేత అన్నది మాత్రమే తెలుసు. ఒకే పాటి ఎరుపునూ ఆకుపచ్చనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే రెండూ ఒకే బూడిద ఛాయలో వస్తాయి. చిలకపచ్చ వెంకటగిరి చీరకు ఎర్రంచు ఉంటే, కళ్లకు ఎంతో కొట్టొచ్చినట్టు కనబడే ఆ అంచు ఫోటోలో చీరలో కలిసి మాయమైపోతుంది. అందుకే మా మామగారు పెళ్లికూతురు స్టూడియోలోకి అడుగుపెట్టగానే ముఖం కంటే ముందు చీర అంచు చూసేవారు. రెండూ కలిసిపోతాయనిపిస్తే లైటు పక్కకు జరిపించి జరీ మీద పడేట్టు చేసేవారు. అంచు రంగుతో కాక మెరుపుతో తెలిసేది. బ్లాక్ అండ్ వైట్‌లో పని చేసిన మనిషి ఆలోచన అలా ఉంటుంది. ఆయన రంగును చూడరు, రంగు ఎంత వెలుగుగా మారుతుందో చూస్తారు.

ఒకసారి అల్లూరు వైపు నుంచి ఒకాయన చనిపోయిన వాళ్లమ్మ ఫోటో తెచ్చాడు. పెద్దది చేసి రంగు వేయమన్నాడు. చీర రంగు అడిగితే, "గుర్తులేదక్కా, నీకు ఏది బాగుందనిపిస్తే అది వెయ్యి" అన్నాడు. ఆవిడ ముఖానికి నప్పుతుందని చిలకపచ్చ వేశాను. వాళ్లకు బాగా నచ్చింది. చాలాకాలం తర్వాత ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఫోటోల పని మీద వచ్చి, చిలకపచ్చ చీర ఎంచుకున్నానని చూపిస్తూ, "మా అవ్వకు ఈ రంగంటే ప్రాణమంట, అందుకే తీసుకున్నా" అంది. గోడ మీద ఫోటో చూసీ చూసీ ఆ ఇంట్లో వాళ్లందరికీ అదే నిజమైపోయింది. ఆవిడకు ఏ రంగు ఇష్టమో ఎవరికీ తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు కూడా. ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఒక ఇంట్లో ఒక ఫోటో వల్ల జరిగిందిది. కోట్ల మంది చూసే సినిమాకు, టీవీ కార్యక్రమానికి ఇదే జరిగితే ఎంత దూరం పోతుందో ఆలోచించమని ఆ పాఠకుడిని కోరుతున్నాను.

కంప్యూటర్‌తో రంగు వేయడమంటే జరిగేది నేను చేసిన పనే. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే రెండున్నర లక్షల పైచిలుకు బొమ్మలు. అన్నిటికీ చేత్తో వేయలేరు కాబట్టి, ఒక్కో షాట్‌లో ఒకటో రెండో ఫ్రేములకు ఆర్టిస్టులు రంగులు నిర్ణయిస్తే, షాట్ మారేవరకూ మిగతా ఫ్రేములకు ఆ రంగులను కంప్యూటర్ తీసుకుపోతుంది. శ్రద్ధగా చేసేవాళ్లు పాత కలర్ స్టిల్స్ వెతుకుతారు, దాచిపెట్టిన దుస్తులు ఉంటే చూస్తారు, ఆ సినిమాకు పనిచేసినవాళ్లు బతికుంటే అడుగుతారు. అడిగే మనిషి ఉన్నంతవరకూ ఆ పని మీద నాకు గౌరవమే. ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న పాటల ముక్కలు అలాంటివి కావు. ఏఐ ఎవరినీ అడగదు. లక్షల కలర్ ఫోటోలు చూసి ఉంటుంది గనుక, ఇలాంటి ఛాయకు ఎక్కువగా ఏ రంగు ఉంటుందో అది వేసేస్తుంది. మా మనవరాలు నాకు అలాంటి పాట ఒకటి చూపించింది. నాయిక తల తిప్పితే చీర నీలం నుంచి గోధుమ రంగుకు మారింది. నుదుటి బొట్టు చర్మంలో కలిసిపోయి మచ్చలా మిగిలింది. అది కుంకుమ బొట్టా, నల్ల బొట్టా అన్నది మన ఇళ్లలో ఎంత పెద్ద విషయం! ఆ యంత్రానికి అదొక చుక్క, అంతే.

రంగు మీద మోజు కొత్తది కాదు. దూరదర్శన్ 1982లో రంగుల్లోకి మారింది, ఆసియా క్రీడలు కూడా ఆ ఏడే జరిగాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు మా వీధిలో ఎక్కువ ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ సెట్లే. అప్పుడు టీవీ తెర ముందు తగిలించుకునే ప్లాస్టిక్ షీట్ ఒకటి అమ్మేవాళ్లు. పైన నీలం, నడుమ ఎరుపు, కింద ఆకుపచ్చ. ఆకాశం నీలంగా, నేల పచ్చగా కనబడాలని. క్లోజప్ వచ్చేసరికి మనిషి జుట్టు నీలం, మెడ పచ్చన. మా పక్కింట్లో అది కొన్నాళ్లు ఉంచి, శుక్రవారం చిత్రలహరి సమయానికి తీసేసేవాళ్లు. పాటల్లో ముఖాలు చక్కగా కనబడాలి కదా. ముఖం చూడాలనుకున్నప్పుడు వాళ్లకు ఆ రంగు అడ్డమైంది.

మన ధారావాహికలు 1984 నుంచి మొదలయ్యాయి, అప్పటికే దూరదర్శన్‌కు రంగులు వచ్చేశాయి. కాబట్టి మనకు టీవీలో బ్లాక్ అండ్ వైట్ అంటే ముఖ్యంగా పాత సినిమాలే. అమెరికా, ఇంగ్లండు సంగతి అలా కాదు. అక్కడ పదిహేను ఇరవై ఏళ్ల టీవీ దాదాపు మొత్తం బ్లాక్ అండ్ వైట్‌లోనే నడిచింది. అందుకే ఈ గొడవ వాళ్ల టీవీల్లో బాగా ముదిరింది. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు క్రిస్మస్ రోజుల్లో 'ఐ లవ్ లూసీ' అనే పాత హాస్య కార్యక్రమాన్ని రంగుల్లో చూశాను. అది 1951 నుంచి 1957 వరకు వచ్చింది. 2013 నుంచి కొన్నేళ్లు సీబీఎస్ చానల్ వాళ్లు కొన్ని భాగాలకు రంగులు వేయించి పండగప్పుడు వేశారు. లూసీ వేషం వేసిన ల్యూసిల్ బాల్ గారిది ఎర్రజుట్టు, ఆ సంగతి అందరికీ తెలుసు. కాబట్టి జుట్టు వరకు రంగు సరే. మిగతా గది సంగతి? ఆ కార్యక్రమానికి కెమెరా ఏర్పాట్లు చేసినది కార్ల్ ఫ్రోయిండ్, జర్మనీలో మూకీల కాలం నుంచీ పేరుపొందిన ఛాయాగ్రాహకుడు. ఒకేసారి మూడు ఫిల్ము కెమెరాలతో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి తీసేవారు. ఏ కోణం నుంచి తీసినా వెలుగు ఒకేలా ఉండాలి. అందుకని సెట్ల గోడలకూ సామాన్లకూ బూడిద ఛాయలే వేయించేవారట. అంటే టీవీలో నేను చూసిన ఆ పచ్చ, గులాబీ గోడలు ఆ సెట్‌లో ఎక్కడా లేవు. ఆనాటి ఇల్లు ఇలా ఉండేదని వాటిని చూసి ఎవరైనా అనుకుంటే వాళ్ల తప్పు కాదు.

దీనికి తలకిందులుగా ఉన్న సంగతి ఇంకొకటి. 1964లో మొదలైన 'ఆడమ్స్ ఫ్యామిలీ' అనే కార్యక్రమంలో ఒక భయంకరమైన పాత భవంతి ఉంటుంది. టీవీలో అది చీకటి గుయ్యారం. సెట్‌లో తీసిన కలర్ ఫోటోలు చూస్తే ఆ హాలు గోడలు గులాబీ రంగు! బ్లాక్ అండ్ వైట్‌లో తమకు కావలసిన ఛాయ దేనితో వస్తుందో వాళ్లు అదే వాడారు. హిచ్‌కాక్ బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన 'సైకో' సినిమాలో రక్తం కోసం చాక్లెట్ సిరప్ వాడారన్నది కూడా అందరికీ తెలిసినదే. ఇప్పుడు అసలు రంగు వేస్తామంటే రక్తాన్ని చాక్లెట్ రంగులో చూపించాలి, భూతాల ఇంటిని గులాబీ రంగులో చూపించాలి. అలా చూపిస్తే ఆ సన్నివేశమే చచ్చిపోతుంది. ఎర్రగా, నల్లగా వేస్తే అది ఎప్పుడూ లేని రంగు. ఎటు చూసినా, తీసినవాళ్లు మనకు చూపించాలనుకున్నది ఆ తెలుపు నలుపు బొమ్మే.

మన దగ్గర దీనికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే గారిని మించిన ఉదాహరణ లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పడవ మీద వెన్నెల పాట చూడని తెలుగువాళ్లు తక్కువ. ఆ నీళ్ల మీద తెల్లటి తళుకు, వెనక చీకటి, ఆ రెంటి నడుమ ముఖాలు. ఆ వెన్నెల ఏ రంగులో ఉందని ఎవరూ అడగలేదు. రంగు వేసేటప్పుడు మాత్రం అడగక తప్పదు, వేసేది ఏదో ఒకటి నిర్ణయించాలి కదా. రాత్రి అనగానే నీలం పూస్తారు. పున్నమి రోజు మా తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు వచ్చి చూడండి. పక్కన కూర్చున్న మనిషి చీర ఎరుపో పచ్చో తెలియదు. అంత తక్కువ వెలుగులో మన కంటికి రంగులు కనబడవు, ముదురూ లేతా మాత్రమే కనబడతాయి. బార్ట్లే గారు తీసింది కంటికి కనబడే వెన్నెలనే. దానికి రంగు కలపడమంటే నిజానికి దగ్గరగా ఉన్నదాన్ని దూరం చేయడమే.

డబ్బు లేక బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు గానీ, ఉంటే వాళ్లూ రంగుల్లోనే తీసేవారు కదా అంటారు. నిజమే, చాలామంది విషయంలో అది నిజం. కలర్ ఫిల్ము ఖరీదు అలాంటిది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో విడుదల కావడానికి ముందు డబ్బుల్లేక మధ్యలో ఆగి, ఏళ్ల తరబడి సాగింది. కానీ 'లవకుశ' తీసినవాళ్లు రంగుకు సిద్ధపడి సెట్లు వేశారు, బట్టలు కుట్టించారు, మేకప్ చేయించారు. బ్లాక్ అండ్ వైట్‌లో తీసినవాళ్లు దానికి తగ్గట్టు చేసుకున్నారు. కారణం డబ్బే కావచ్చు. ఒకసారి ఆ దారి పట్టాక దీపం పెట్టే చోటు దగ్గర్నుంచి గోడ రంగు వరకు అంతా అందుకోసమే ఆలోచించారు. మా మామగారికి కూడా కలర్ ఫిల్ము కొనే స్తోమత లేదు. అంతమాత్రాన ఆయన తీసిన ముఖాలు సగం పని చేసి వదిలేసినవి కావు.

రంగు వేయడం మొత్తంగా తప్పని మాత్రం నేను అనను. ఒక సందర్భం నాకు చాలా నచ్చింది. బీబీసీ వాళ్లు పాత రోజుల్లో టేపులు ఖరీదని, చూపించేసిన కార్యక్రమాలను చెరిపి మళ్లీ వాడుకునేవారు. రంగుల్లో తీసిన కొన్ని కార్యక్రమాలకు, విదేశాలకు అమ్మడానికి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కాపీలు మాత్రమే మిగిలాయి. ఆ ఫిల్ము మీద సన్నటి చుక్కల అల్లిక కనబడేది. అది మరక అనుకున్నారు. చూస్తే, రంగు సిగ్నల్ తాలూకు జాడలు అలా చుక్కలుగా ఫిల్ము మీద పడిపోయాయి. కలర్ టీవీ వచ్చినప్పుడు పాత సెట్లు పనికిరాకుండా పోకూడదని, బ్లాక్ అండ్ వైట్ సిగ్నల్ మీదే రంగు సిగ్నల్‌ను ఎక్కించి పంపేవాళ్లు. అందువల్ల ఆ జాడ మిగిలింది. ఆ చుక్కలను చదివి అసలు రంగును తిరిగి రాబట్టారు. 'డాడ్స్ ఆర్మీ' అనే కార్యక్రమంలో ఒక భాగాన్ని 2008లో అలా రంగుల్లో మళ్లీ చూపించారు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. కవరు మీద రాసి పెట్టిన చీర రంగు దొరికినట్టుంది అది. ఉన్న రంగును వెతికి తీయడం వేరు. లేని రంగును ఊహించి వేయడం వేరు. ఆ పాఠకుడు ఈ రెంటినీ ఒకటిగా చూస్తున్నారని నా బాధ.

ఇంకొక సంగతి రంగు వెనకే వస్తుంది, అది కోత. అదే బీబీసీ 2023లో 'డాక్టర్ హూ' అనే కార్యక్రమంలోని పాత కథ ఒకదానికి రంగులు వేసి చూపించింది. ఏడు భాగాల కథ అది. రంగుల్లో దాన్ని 75 నిమిషాలకు కుదించారు. మన 'మాయాబజార్'కు 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు కూడా నిడివి తగ్గింది, పద్యాలు కొన్ని పోయాయి. ఈ కాలంవాళ్లకు రంగు కావాలని మొదలుపెడితే, ఈ కాలంవాళ్లకు పద్యం ఎందుకన్నది వెంటనే వచ్చేస్తుంది.

ఆ రంగుల సినిమాను నేను హాల్లో చూశాను. పిల్లలు కిలకిలా నవ్వుతుంటే సంతోషపడ్డాను కూడా. రంగారావు గారి భోజనాల సన్నివేశానికి రంగు బాగానే అతికింది, లడ్డూలు పసుపుగా ఎగురుతుంటే ముద్దుగానే ఉంది. చిన్నమయ్యగా వేసిన రమణారెడ్డి గారు మన నెల్లూరు జిల్లా జగదేవిపేట మనిషి, ఆయన కనబడగానే మా వరుసలో వాళ్లంతా ఈలలు. అంత పాత సినిమా మళ్లీ హాళ్లకు రావడం చిన్న విషయం కాదు, దాని వెనక చాలామంది కష్టం ఉంది. అయితే ఆ రోజు బొమ్మ అంత బాగుండటానికి సగం కారణం రంగు కాదని నా నమ్మకం. గీతలు, దుమ్ము తీసేశారు. వెలుగు మిణుకుమిణుకుమనకుండా నిలబెట్టారు. మాటలు, పాటలు శుభ్రంగా వినబడేట్టు చేశారు. అదంతా రంగు లేకుండా కూడా చేయవచ్చు.

పిల్లలు చూడరు అన్నదానికి నా సమాధానం కూడా ఇదే. వాళ్లు చూడకపోవడం రంగు లేక కాదు, బొమ్మ కనబడక. ఇవాళ చానళ్లలో పాత సినిమా ఎలా వస్తోందో ఒకసారి చూడండి. అది దాదాపు చదరంగా ఉండే చట్రంలో తీసిన బొమ్మ. దాన్ని ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపోవాలని అడ్డంగా సాగదీస్తారు. సావిత్రి గారి ముఖం పళ్లెమైపోతుంది. లేదా పైనా కిందా కోసేస్తారు, అప్పుడు కిరీటాలు పోతాయి, కాళ్లు పోతాయి. మూలన చానల్ గుర్తు, కింద పరుగెత్తే అక్షరాలు. ఎన్నో కాపీలకు కాపీ అయిన ప్రింటులో నల్ల చీర మడతలు ఉండవు, తెల్ల పంచె అంచు ఉండదు, అంతా ఒకే మసక. అలాంటిది చూసి పిల్లలు లేచిపోతే తప్పెవరిది? మా మనవరాలికి శుభ్రం చేసిన మంచి ప్రింటుతో ఒక బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టాను. మొదట ఫోన్ పట్టుకుని కూర్చుంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, "ఆమె కళ్లు ఎట్లా మెరుస్తున్నాయి అవ్వా" అంది. కంట్లో ఆ చిన్న మెరుపు కోసం కెమెరా పక్కన ప్రత్యేకంగా ఒక లైటు పెడతారని చెప్పాను. రంగు సంగతి ఆ తర్వాత అది అడగలేదు.

డబ్బు ఉన్నవాళ్లు ముందు నెగెటివ్‌ల వైపు చూడాలి. 1950ల తొలినాళ్ల దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము నిప్పు రవ్వ తగిలితే భగ్గుమంటుంది. పుణెలో 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లు పెద్ద ఎత్తున కాలిపోయాయి. తర్వాత వచ్చిన సేఫ్టీ ఫిల్ము అంత తేలిగ్గా మండకపోయినా, వేడికీ తేమకూ లోపల్నుంచి కుళ్లుతుంది. అది కుళ్లుతుంటే డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది. మా స్టూడియో మూసేసి, పాత నెగెటివ్‌ల పెట్టెలు విప్పినప్పుడు కొన్నిట్లో ఆ వాసన నాకు తగిలింది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో అంతకంటే ఏం మిగులుతుంది. మన దేశపు మొదటి టాకీ, 1931 నాటి 'ఆలం ఆరా', ఇవాళ ఎక్కడా లేదు. దానికి ఇక ఏ ఏఐ ఏ రంగూ వేయలేదు. ఉన్న నెగెటివ్‌లను మంచి నాణ్యతతో స్కాన్ చేసి దాచే పని నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద పుణెలో జరుగుతోంది. తెలుగువాళ్ల తరఫున అడిగి, మన సినిమాలు అందులో ముందు చేయించుకోవాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మా అల్లుడు వకీలు, అడిగి తెలుసుకున్నాను. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు 60 ఏళ్లు. 1957లో వచ్చిన సినిమాకు ఆ గడువు 2017 ఆఖరుతో తీరింది. అంటే సినిమా హక్కు వరకు చూస్తే, ఆ కాలపు సినిమాలకు ఎవరైనా ఏ రంగైనా వేసి నెట్‌లో ఎక్కించవచ్చు. పైగా మన చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే. వెలుగు పెట్టిన కెమెరామన్‌కు గానీ, దర్శకుడికి గానీ, వాళ్ల పిల్లలకు గానీ నోరెత్తే హక్కు లేదు. ఫ్రాన్స్‌లో అలా కాదు. జాన్ హ్యూస్టన్ అనే దర్శకుడు తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమాకు ఆయన ఇష్టానికి వ్యతిరేకంగా రంగులు వేసి అక్కడి టీవీలో చూపించబోతే, ఆయన వారసులు కోర్టుకెళ్లారు. 1991లో అక్కడి పై కోర్టు వాళ్ల వైపే నిలబడింది. అమెరికాలో 1988లో చేసిన చట్టంలో, ప్రభుత్వం ఎంపిక చేసిన గొప్ప సినిమాలను మార్చి చూపిస్తే, మార్చామని తెర మీద రాయాలని పెట్టారు. ఆ నిబంధన ఎక్కువ కాలం నిలవలేదు గానీ, అడిగింది న్యాయమైనది.

నేను వేసిన రంగు ఫోటోలకు ఒక ధర్మం ఉండేది. రంగు ప్రింటు మీదే వేసేదాన్ని. రంగు కోసం నెగెటివ్‌ను ముట్టుకునేవాళ్లం కాదు. నంబరు వేసి కవరులో పెట్టి ఉంచేవాళ్లం. రంగు వద్దనుకుంటే మామూలు ప్రింటు మళ్లీ వేయించుకోవచ్చు. అంచున మా స్టూడియో ముద్ర పక్కన హ్యాండ్ కలర్ అని ఉండేది, అది కెమెరా తీసిన రంగు కాదని ఎవరికైనా తెలిసేది. చానళ్లను నేను అడిగేది ఇంతే. రంగులు వేసినదాన్ని చూపించండి, చూసేవాళ్లు చూస్తారు. దాని మొదట్లో, ఇది ఫలానా సంవత్సరంలో బ్లాక్ అండ్ వైట్‌లో తీసినదని, రంగులు తర్వాత వేసినవని, ఎవరు వేశారో కూడా తెర మీద రాయండి. అసలుదాన్ని అటకెక్కించకండి. అదే వారంలో ఒక రోజు దాన్నీ వేయండి, సాగదీయకుండా, కోయకుండా, ఉన్నంతలో మంచి ప్రింటుతో.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. రోజూ మీరు వేసే టీవీ కార్యక్రమాల పట్టికలో సినిమా పేరు, సమయం మాత్రమే ఉంటున్నాయి. పాత సినిమా పక్కన విడుదలైన సంవత్సరం, అది బ్లాక్ అండ్ వైట్ ప్రతా, రంగులు వేసిన ప్రతా అన్నది రెండు ముక్కల్లో వేయండి. చానళ్లు చెప్పకపోతే మీ విలేకరులే అడిగి కనుక్కోవచ్చు. వచ్చే ఆదివారం సంచికతోనే మొదలుపెడితే సంతోషిస్తాను.

ఇట్లు,
ఫోటోలకు రంగులు వేసిన ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.